ఐదుగురమే, టీచరమ్మా

వాలీబాల్ జట్టుకు ఆరుగురు కావాలి. కొత్తగా పీఈటీలుగా చేరుతున్న మీకు ఈ ముక్క నేను చెప్పనక్కర్లేదు. అయినా ఉద్యోగం మొదటి రోజుల్లో నేను ఐదుగురి జట్టుకు ఆట నేర్పాను. వాళ్లు ఐదుగురమేనని చెప్పేవాళ్లు. కోర్టులో నాకు మాత్రం ఆరుగురు కనిపించేవారు.

మొన్న నా రిటైర్మెంటు సభలో ఒక కుర్ర టీచరు లేచి, సర్వీసులో మర్చిపోలేని మ్యాచ్ ఏదని అడిగాడు. యూనివర్సిటీ తరఫున ఆడిన ఫైనల్ గురించి ఏదో చెప్పి కూర్చున్నాను. నిజానికి ఆ ఫైనల్ స్కోరు కూడా నాకు గుర్తులేదు. మర్చిపోలేని మ్యాచ్ వేరే ఉంది. మైకు ముందు చెప్పుకునేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మాది ముదిగొండ దగ్గర పల్లె. నాన్న చర్చి బడిలో పంతులు, అమ్మ ఖమ్మంలో ఆసుపత్రి ఆయా. వ్యాయామ విద్యలో డిగ్రీ తెచ్చుకుని ముప్పై ఐదేళ్లు దాటినా సర్కారు పోస్టు కోసం ఎదురుచూస్తూనే ఉన్న నాకు, అడవి అంచు ఊళ్ల యువజన సంఘాలకు వాలీబాల్ నేర్పే కార్యక్రమంలో తాత్కాలికంగా పని దొరికింది. ఊరికో నెట్టు, రెండు బంతులు ఇవ్వడం, వారానికోసారి వెళ్లి ఆడించడం, ఏడాది చివర పోటీలు పెట్టడం. అంతే పని.

మా బృందంలో ముగ్గురం. సీనియర్ ఆర్గనైజరుది సత్తుపల్లి వైపు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబం. మంచి మనిషే, కాకపోతే మైకు కనబడితే ఆగలేడు. జీపు డ్రైవరుది నేలకొండపల్లి. మాట తక్కువ. ఊరు ఇంకా కనబడకముందే జీపు ఆపేసి, అడవి అదిరేలా చాలాసేపు హారన్ కొట్టేవాడు. తర్వాత బీడీ వెలిగించి, అది కాలేదాకా కదిలేవాడు కాదు. మొదటిసారి నేను విసుక్కున్నాను.

"జల్దీ పోదం అన్నా, ఎండ ముదురుతుంది."

"పోదం మేడం. మనం వస్తున్నమని ఊరికి తెల్వాలె గదా. ఎవరుండాల్నో, ఎవరుండొద్దో వాళ్లు జూసుకుంటరు."

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు.

అన్ని ఊళ్లలోనూ మగపిల్లలే జట్లు కట్టారు. ఆడపిల్లల జట్టు ఒక్కటైనా కావాలని నేను పట్టుబట్టాను. ఎవరూ ముందుకు రాలేదు. చివరికి భద్రాచలం రోడ్డు వదిలి ఎడమకు మట్టిబాట పడితే వచ్చే ఒక కోయపల్లె ఒప్పుకుంది. ఆ ఊరి పేరు రాయను.

మేం వెళ్లేసరికి ఊరి వెనక ఇప్పచెట్ల పక్కన నేల చదును చేసి, ముగ్గుపిండితో గీతలు గీసి ఉంచారు. ఐదుగురు ఆడపిల్లలు వరుసగా నిలబడ్డారు. అందరికన్నా పొడుగుపిల్ల హాస్టల్లో పదో తరగతి దాకా చదివింది. ఆమే కెప్టెన్.

"ఇంకొకరేరి?" అన్నాను.

"ఐదుగురమే, టీచరమ్మా."

సరే, ఆరో మనిషి తర్వాత దొరుకుతుందిలే అనుకుని, అవతలి వైపు ఊరి మగపిల్లల్ని నిలబెట్టి ఆట మొదలుపెట్టించాను. నాలుగైదు సర్వులు పడ్డాయో లేదో, ఇప్పచెట్ల వైపు నుంచి ఇంకో పిల్ల వచ్చింది. ఉత్త కాళ్లు, వెలిసిన ఆకుపచ్చ లంగా, నడుముకు బిగించిన ఓణీ. ఎవరినీ అడగకుండా ఎడమవైపు వెనక మూల ఖాళీలో నిలబడింది. అంతవరకూ అటు పడిన బంతుల్ని ఎవరూ ముట్టుకోలేదని నాకు అప్పుడు తట్టింది. ఆ చోటు ఆమె కోసమే వదిలి ఉంచారు.

ఏం ఆట అది! ఎడమచేత్తో కొట్టేది. బంతి నెట్టు మీదకి లేవగానే వెనక మూల నుంచి నాలుగు అంగల్లో వచ్చి గాల్లో ఉండేది. దెబ్బ చప్పుడు చెట్లలోకి పోయి తిరిగొచ్చేది. మిగతా చప్పుడేదీ లేదు. వాలీబాల్ అరుపుల ఆట. 'నాది', 'వదులు', 'లిఫ్ట్' అని అరవకపోతే ఇద్దరు ఒకరి మీద ఒకరు పడతారు. ఆ పిల్లలు నోరు విప్పకుండా ఆడారు. ఒక్కసారి కూడా గుద్దుకోలేదు. చుట్టూ నిలబడిన ఊరివాళ్లూ చప్పట్లు కొట్టలేదు.

ఆట ఆపి, ఆ పిల్ల దగ్గరికి వెళ్లాను. "ఎక్కడ నేర్చుకున్నవ్? నీ పేరేంది?"

ఆ పిల్ల నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. భయం కాదు, సిగ్గూ కాదు. తనతోనే మాట్లాడుతున్నానా అన్నట్టు వెనక్కి తిరిగి చూసుకుంది. వెనక ఎవరూ లేరు.

కెప్టెన్ నా పక్కకొచ్చింది. "ఎవరితోని మాట్లాడుతున్నరు, టీచరమ్మా?"

"ఈ పిల్లతోని."

"ఏ పిల్ల?"

నేను నవ్వాను, నన్ను ఆట పట్టిస్తున్నారని. కెప్టెన్ నవ్వలేదు. మిగతా నలుగురూ నవ్వలేదు. నేను మళ్లీ తిరిగేసరికి ఆ పిల్ల చెట్లలోకి నడిచి వెళ్తోంది. ఒక పసుపుపచ్చ కుక్క తోకాడిస్తూ ఆమె వెంట పరుగెత్తింది. కెప్టెన్ చిన్న రాయి తీసి దాని మీదికి విసిరింది. కుక్క కుయ్యిమని వెనక్కి వచ్చేసింది.

పిల్లలకని తెచ్చిన బిస్కెట్ పొట్లాలు ఆరు ఇచ్చాను. కెప్టెన్ ఒకటి వెనక్కిచ్చింది. "ఒకటి ఎక్కువైంది, టీచరమ్మా."

తిరుగు దారిలో సీనియర్‌ని అడిగాను. ఆయన ఆ పూటంతా ఊరి పెద్దతో మాట్లాడుతూ కూర్చున్నాడు, ఆట చూడనే లేదు. "మతిస్థిమితం లేని పిల్లేమోనమ్మా, చెప్పుకోడానికి నామోషీ" అన్నాడు. డ్రైవరు అద్దంలోంచి నన్ను ఒకసారి చూసి, మళ్లీ రోడ్డు మీదికి చూపు తిప్పుకున్నాడు.

తర్వాతి వారాల్లోనూ అంతే. ఐదుగురితో ఆట మొదలయ్యేది, ఆరో పిల్ల వచ్చేది, ఆట ముగియకముందే వెళ్లిపోయేది. ఎవరూ ఆమెకు దారివ్వరు, ఎవరూ ఆమెను తాకరు. బంతి బయటికి పోయి ఆమె కాళ్ల దగ్గర ఆగితే, ఆమె తీసి ఇచ్చేదాకా చూస్తూ ఉంటారు. తీసిచ్చాక, బంతి దానంతటదే వచ్చినట్టు అందుకుంటారు. నాకూ అలవాటైపోయింది. ఆమెను పిలవడం మానేశాను.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం మంచినీళ్ల కోసం ఊరి అవతలికి వెళ్లాను. అక్కడ చనిపోయినవాళ్ల గుర్తుగా పాతిన రాళ్లు ఉన్నాయి. చాలావరకు పాకుడు పట్టినవే. ఒకటి మాత్రం కొత్తది. దానికి ఎర్ర రిబ్బన్లు, గాజులు కట్టి ఉన్నాయి. ముందు ఆకులో అన్నం.

నా వెంట వచ్చిన కెప్టెన్ తల ఊపుతూ చెప్పింది. "మా దోస్తుది. హాస్టల్ల నేను, ఆమె ఒక్క జట్టు. పోయినేడు జ్వరమొచ్చి సచ్చిపోయింది."

"అయ్యో. బాగా ఆడేదా?"

"మస్తు ఆడేది. నేను బంతి పైకి లిఫ్ట్ చేస్తె ఆమె కొట్టేది. ఎడంచెయ్యి ఆమెది."

ఆ మాట అని కెప్టెన్ నీళ్ల బిందె ఎత్తుకుని ముందు నడిచింది. నేను రాయి ముందే నిలబడిపోయాను. పట్టపగలు, ఎండ కాస్తూనే ఉంది. చిన్నప్పుడు కంఠస్థం చేసిన ప్రార్థన నోటికొచ్చింది గానీ సగంలో మాటలు తప్పాయి. దూరంగా కోర్టు వైపు నుంచి దెబ్బ చప్పుడు వినిపించింది. చెట్లలోకి పోయి తిరిగొచ్చే దెబ్బ.

వెళ్లాలా వద్దా అనుకుంటూనే వెళ్లాను. ఆరో పిల్ల వెనక మూలలో ఉంది. వానకు నేల మెత్తబడింది. ఆట అయిపోయి అందరూ కదిలాక, ఆమె నిలబడ్డ చోటికి పోయి వంగి చూశాను. పాదాల గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. కుడి మడమ దగ్గర ముల్లు గీరుకుందేమో, చిన్న నెత్తుటి చుక్క. దాని చుట్టూ చీమలు చేరుతున్నాయి. దయ్యానికి నెత్తురు కారదు.

లేచి చూస్తే ఒక నడివయసు మనిషి నన్ను చూస్తూ నిలబడి ఉంది. ఆ నుదురు, ఆ కళ్లు. చెప్పనక్కర్లేకుండానే ఆ పిల్ల తల్లి అని తెలిసిపోయింది.

"నా బిడ్డ సచ్చిపోయింది, టీచరమ్మా" అంది మెల్లగా.

నేను నేల మీద గుర్తుల వైపు చూశాను. ఆమె వాటిని పాదంతో చెరిపేసింది. ఒక్కటి కూడా మిగలకుండా చెరిపి, తర్వాత అంది. "సచ్చిందని అందరు అనుకున్నరు గనక బతికింది."

ఇంకేమీ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. ఆ కాలంలో అటువైపు ఉద్యోగం చేసినవాళ్లకు సంగతి అర్థమవుతుంది, మీకోసం విప్పి రాస్తున్నాను. ఆ ఊళ్లలో పిల్లలు కొందరు అడవి లోపల తుపాకులు పట్టినవాళ్లతో కలిసిపోయేవారు. కొందరిని తీసుకుపోయేవారు. వెనక్కి పారిపోయి వస్తే మాత్రం రెండు వైపుల నుంచీ ప్రాణగండమే. పోలీసులు ఎవరితో ఉన్నావని అడుగుతారు, లోపలివాళ్లు ఎవరికి చెప్పావని అడుగుతారు. ఆ పిల్ల అలా తిరిగొచ్చింది. ఊరంతా కూడబలుక్కుని జ్వరంతో పోయిందని చెప్పి, ఏడ్చి, రాయి పాతింది. ఆ తర్వాత ఆమెను చూడటం మానేసింది. పిల్లాడి నోటి నుంచైనా మాట జారకూడదంటే అందరూ చూడకపోవడమే దారి. తల్లి కూడా. ఆకులో అన్నం రాయికి పెట్టి వెళ్లిపోతుంది. బిడ్డ వచ్చి తిని పోతుంది.

నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడమే కాదు, ఆటలో ఆమె వైపు చూడటం కూడా తగ్గించాను. ఒక మనిషిని చూడకుండా ఉండటం ఎంత సులువుగా అలవాటవుతుందో అప్పుడు తెలిసింది. ఒకరోజు ఎవరెవరు బాగా ఆడారో లెక్క వేసుకుంటే నిజంగానే ఐదు మొహాలే గుర్తొచ్చాయి. దయ్యమనుకున్న రోజు కన్నా ఆ రోజే నాకు ఎక్కువ భయమేసింది.

ఏడాది చివర పోటీలు మండల కేంద్రంలో బడి మైదానంలో పెట్టారు. ఆడపిల్లల జట్లు అప్పటికి నాలుగు తయారయ్యాయి. గెలిచిన జట్టులో ఇద్దరికి ఖమ్మంలో క్రీడల హాస్టల్లో సీటు ఇప్పిస్తామని చెప్పారు. మా కెప్టెన్ ఆ సీటు మీద ప్రాణం పెట్టుకుంది. ఆరో మనిషిగా ఆమె చిన్నాన్న కూతురికి ఆట నేర్పి ఉంచాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

మధ్యాహ్నం ఫైనల్ అనగా ఆ చిన్నాన్న కూతురికి మలేరియా చలి పట్టుకుంది. దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. కెప్టెన్ నా దగ్గరికి వచ్చి నిలబడింది. ఏడవలేదు. "ఐదుగురమే, టీచరమ్మా" అంది. ఆ మాట ఆ రోజు మొదటిసారి నిజం.

ఆట వదులుకుందాం అని చెప్పబోయాను. ఇంతలో రిఫరీ విజిల్ ఊది జట్లను పిలిచాడు. ఐదుగురు కోర్టులోకి వెళ్లారు. వెనక మూల ఖాళీగా ఉంది. అప్పుడు, జనం వెనక నుంచి, ఆకుపచ్చ లంగా పిల్ల నడుచుకుంటూ వచ్చి ఆ మూలలో నిలబడింది. ఆట చూడటానికి అడవిలో అంత దూరం ఒంటరిగా నడిచి వచ్చిందన్నమాట. మోకాళ్ల దాకా దుమ్ము.

ఆ మైదానంలో వందల మంది ఉన్నారు. పల్లీలు అమ్మేవాళ్ల కేకలు, ఈలలు, డప్పులు. ఆమె నిలబడ్డాక ఆ చప్పుడు ఆగిపోవడం మొదలైంది. ఒక్కసారిగా కాదు. ముందు ఆమె ఊరివాళ్లు కూర్చున్న వైపు ఆగింది, తర్వాత పక్క ఊరివాళ్లు, తర్వాత ఆ పక్కవాళ్లు. వాన ఒక చేను నుంచి ఇంకో చేనుకు జరిగినట్టు నిశ్శబ్దం మైదానమంతా జరిగింది. చివరికి షామియానా గుడ్డ గాలికి కొట్టుకునే చప్పుడొక్కటే మిగిలింది. అవతలి జట్టు పక్క ఊరిది. వాళ్ల పిల్ల సర్వ్ చేయడానికి బంతి పట్టుకుని, ఆమెను చూసి, అలాగే ఉండిపోయింది. ఆ రాయి పాతిన రోజు ఆ పిల్ల కూడా వచ్చి ఏడ్చి ఉంటుంది.

రిఫరీ మళ్లీ విజిల్ ఊదాడు. ఆయన ఆ చుట్టుపక్కల బడి మాస్టరే. బంతి లేచింది.

అంత మంది మధ్య అంత నిశ్శబ్దంగా సాగిన ఆట నేను మళ్లీ చూడలేదు. పాయింటు వచ్చినా చప్పుడు లేదు, పోయినా లేదు. కెప్టెన్ లిఫ్ట్ చేస్తుంది, ఆమె కొడుతుంది, బంతి నేలకు తగులుతుంది. అంతే. షామియానా కింద ముఖ్య అతిథిగా కూర్చున్న పోలీసు అధికారి కుర్చీలో ముందుకు వంగాడు. మా సీనియర్ మైకు పట్టుకుని ఉత్సాహంగా, "చూడండి, ఆ ఎడమచేతి అమ్మాయి ఎంత బాగా..." అని మొదలుపెట్టి, జనం మొహాలు చూసి ఎందుకో మధ్యలోనే ఆగిపోయాడు. మైకు ఆయన్ని విడిచిపెట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

మా వాళ్లు గెలిచారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అధికారి నన్ను పిలిపించాడు.

"మీరేనా కోచ్? ఆ ఎడమచేతి పిల్ల ఎవరమ్మా?"

నిజం చెప్తే ఏమవుతుందో తెలుసు. ఏదో ఒక పేరు చెప్తే పిలవమంటాడు. నేను ఆయన మొహంలోకి చూసి, "ఎవరు సార్?" అన్నాను.

"అదేనమ్మా, వెనక మూలలో ఆడింది."

"వెనక మూలలో ఎవరూ లేరు సార్. మా జట్టు ఐదుగురే."

ఆయన రిఫరీని పిలిచాడు. రిఫరీ నా వైపు చూడకుండా, "అవ్ సార్, ఐదుగురే. నేను లెక్క జూసుకోలే. తప్పు నాదే" అన్నాడు. అధికారి అవతలి జట్టు కెప్టెన్‌ని అడిగాడు. "ఎవరు సార్?" అంది ఆ పిల్ల. ముందు వరుసలో కూర్చున్న ముసలాయన్ని అడిగాడు. ఆయనా, "ఎవరు దొరా?" అన్నాడు. అధికారి నల్ల కళ్లద్దాలు తీసి కోర్టు వైపు తిరిగాడు. ఐదుగురు పిల్లలు వరుసలో నిలబడి ఉన్నారు. వెనక మూల అప్పటికే ఖాళీ. వందల మంది ఆయననే చూస్తున్నారు. ఒక్కరి మొహంలోనూ ఏమీ లేదు.

ఆయనకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. తెలివిగలవాడే. చివరికి అద్దాలు పెట్టుకుని నెమ్మదిగా అన్నాడు. "ఐదుగురితో ఆడితే ఆట చెల్లదు కదమ్మా."

"చెల్లదు సార్."

"అంటే మీరు ఓడిపోయినట్టు."

నేను కెప్టెన్ వైపు చూశాను. మా మాటలన్నీ ఆమెకు వినిపిస్తూనే ఉన్నాయి. క్రీడల హాస్టలు, ఖమ్మం, ఏడాది కష్టం, అన్నీ ఆ ఒక్క మాటలో పోతాయని ఆమెకు తెలుసు. నా వైపు చూసి, అవునన్నట్టు తల ఊపింది.

"ఓడిపోయాం సార్" అన్నాను.

కప్పు అవతలి జట్టుకు ఇచ్చారు. ఆ పిల్లలు దాన్ని తల వంచుకుని తీసుకున్నారు.

జీపులో సీనియర్ నా మీద మండిపడ్డాడు. "నా కళ్లతో నేను చూశానమ్మా. ఆరుగురు ఆడారు. ఎందుకు అలా చెప్పావు?" డ్రైవరే అన్నాడు. "నేను గుడ జూసిన సార్. ఐదుగురే." సీనియర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు.

మరుసటి ఏడు నన్ను ఆ కార్యక్రమంలోకి పిలవలేదు. నాకూ సర్కారు పోస్టు వచ్చి ముదిగొండ వైపు బడిలో చేరాను. కెప్టెన్‌కు ఆ సీటు రాలేదు. ఊళ్లోనే అంగన్‌వాడీ కేంద్రంలో పనికి కుదిరిందని డ్రైవరు చెప్పాడు. ఆరో పిల్ల ఆ రోజు మైదానం నుంచి అటే ఎక్కడికో వెళ్లిపోయిందని, తిరిగి ఊరికి రాలేదని కూడా ఆయనే చెప్పాడు.

ఆ దశాబ్దం ఇంకా ముగియలేదు. మిరప కోతల కాలంలో అడవి వైపు నుంచి కూలీలు లారీల్లో మా వైపు వస్తారు. మా బడి గోడ అవతలి చేనులోనూ వచ్చి పడ్డారు. మధ్యాహ్నం మంచినీళ్లకు బడి పంపు దగ్గరికి వచ్చేవారు. ఒకరోజు నేను పిల్లలకు ఆట ఆపించి వస్తుంటే, చంకలో చంటిబిడ్డతో ఒకామె నా ముందు ఆగింది.

"టీచరమ్మా, నన్ను గుర్తు వట్టిన్రా?"

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మొహం మాత్రం గుర్తే. నా కాళ్లు ఒక్క అడుగు వెనక్కి పడ్డాయి. అన్నీ తెలిసి కూడా, చనిపోయిన మనిషి పలికినట్టే అనిపించింది. ఆమె అది గమనించి నవ్వింది.

పంపు గట్టు మీద కూర్చున్నాం. గోదావరి అవతల ఒక ఊళ్లో మేనత్త దగ్గర దాక్కుందట. అక్కడే పెళ్లయింది. తల్లి రెండుసార్లు వచ్చి చూసి పోయిందట.

"ఒకటి అడగనా?" అన్నాను. "ప్రాణం మీదికి వస్తదని తెలిసి గుడ ఆటకు ఎందుకు వచ్చినవ్? ప్రతి వారం ఎందుకు వచ్చినవ్?"

ఆమె బిడ్డ తల నిమిరింది.

"ఊళ్లె తిరుగుత ఉంటె ఎవ్వరు జూడకపోయేది, టీచరమ్మా. అమ్మ ముంగట నిలబడ్డ గుడ నన్ను దాటి అవతలికి జూసేది. నా కోసమే చేస్తున్నరు, నాకు తెల్సు. అయినా కొన్ని దినాలకు నాకే అనుమానమొచ్చింది. నిజంగనె సచ్చిన్ననేమో, వీళ్లే నిజం చెప్తున్నరేమో అని. బంతి కొడ్తె చెయ్యి మంట పుట్టేది. గా మంట పోయేదాంక బతికున్ననని నమ్మకముండేది."

ఆమె సీసా నింపుకుని లేచింది. చేనులోంచి ఎవరో కూలీ ఆమెను పేరు పెట్టి గట్టిగా పిలిచింది. ఆమె నా వైపు చూసి, అంతకన్నా గట్టిగా, "ఆఁ, వస్తున్న" అని పలికి, బిడ్డను భుజాన వేసుకుని ఎర్రటి మిరప చేనులోకి నడిచింది.